అంతిమయాత్రలకు రోడ్డు మీద ఒక పద్ధతి పెట్టండి: జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎస్పీ గారికి,

నమస్కారం. మా ఊరివాళ్లం ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మా శ్మశానం జాతీయ రహదారికి అవతల ఉంది. ఎవరు పోయినా పాడె ఆ రోడ్డు దాటాల్సిందే. దింపుడు కళ్లం కూడా రోడ్డు అంచునే. పాడె దించాక కొడుకు వంగి, తండ్రి చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తాడు. లారీ హారన్లలో ఆ పిలుపు పక్కనున్న మాకే వినపడదు. మొన్న పాడె మోస్తున్న కుర్రాడి పాదం మీదుగా బైకు పోయింది. పాడె ఒరిగిపోయింది. శవాన్ని రోడ్డు పక్కన ఉంచి, వాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

కొన్ని యాత్రల్లో నడిరోడ్డు మీద టపాసులు కాలుస్తున్నారు, అంబులెన్స్ వచ్చినా కదలడం లేదు. అదీ ఆగాలి. అంబులెన్స్‌కు దారివ్వని డ్రైవరుకు మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా ఉంది. నడిచేవాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

ఊరేగింపుల వేళ రోడ్ల మీద అడ్డంకులు లేకుండా చూడటం పోలీసుల బాధ్యతేనని 1861 పోలీసు చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. నాయకుల ర్యాలీలకు ట్రాఫిక్ ఆపుతున్నారు. పేదవాడి ఆఖరి ప్రయాణానికి ఐదు నిమిషాలు ఆపలేరా?

స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, పాడె దాటేవరకు వాహనాలు ఆపాలి. యాత్ర ఎడమ పక్కనే సాగాలని, టపాసులు వద్దని, అంబులెన్స్‌కు దారివ్వాలని నిబంధన పెట్టండి. దీన్ని లిఖితపూర్వక ఉత్తర్వుగా ప్రతి స్టేషన్‌కూ, పంచాయతీకీ పంపండి. ఈ నెలాఖరులోగా మీ జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
గ్రామస్తుల తరఫున ఒక పౌరుడు