నీటి మోటార్లకు సౌర విద్యుత్తు, అందుకు హరిత బాండ్లు: పురపాలక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

మూడు దశాబ్దాలకు పైగా బ్యాంకులో అప్పుల పద్దులు చూసి పదవీ విరమణ చేసిన విశాఖవాసిని నేను. ఏలేరు, రైవాడ, తాటిపూడి నుంచి వచ్చే నీరు శుద్ధి కేంద్రాలు దాటి ఎత్తైన ట్యాంకులకు ఎక్కాలంటే మోటార్లు తిరగవలసిందే, వాటి కరెంటు బిల్లు నగరపాలక సంస్థ నెలనెలా కట్టవలసిందే. ఆ ఖర్చును సౌర విద్యుత్తుతో తగ్గించుకునేందుకు మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చేత హరిత బాండ్లు (పర్యావరణానికి మేలు చేసే పనులకే ఖర్చుపెడతామని చెప్పి మదుపుదారుల నుంచి అప్పు తీసుకునే పత్రాలు) జారీ చేయించమని, వాటిని మాలాంటి సామాన్యులు కూడా కొనుక్కునే వీలు కల్పించమని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఇందోర్ నగరం ఈ పని చేసి చూపించింది. నర్మదా జలాలను జలూద్ నుంచి దాదాపు 70 కిలోమీటర్ల దూరం ఎత్తిపోసుకునే ఆ నగరపాలక సంస్థ, కరెంటు బిల్లుల భారం తగ్గించుకోవడానికి 60 మెగావాట్ల సౌర కేంద్రం కట్టుకోదలచి, 2023 ఫిబ్రవరిలో 8.25 శాతం వడ్డీతో హరిత బాండ్లను బహిరంగంగా అమ్మకానికి పెట్టింది. 10 వేల రూపాయలున్నవారు కూడా దరఖాస్తు చేయగలిగారు. 244 కోట్ల రూపాయల బాండ్లకు దాదాపు 720 కోట్ల మేర దరఖాస్తులు వచ్చాయి. మన జీవీఎంసీ కూడా 2018లో 80 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది కానీ, అవి పెద్ద మదుపు సంస్థలకే పరిమితమయ్యాయి. తమ ఊరు బాండ్లు అమ్మిందన్న సంగతి కూడా మా వీధిలో చాలామందికి తెలియదు.

బాండ్లకు హరితమన్న పేరు పెట్టగానే వడ్డీ తగ్గిపోతుందని ఎవరైనా మీకు చెబితే దయచేసి నమ్మవద్దు. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో తొలిసారి 8,000 కోట్ల రూపాయల హరిత బాండ్లు అమ్మినప్పుడు మామూలు బాండ్లతో పోలిస్తే కలిసివచ్చిన వడ్డీ ఒక శాతంలో నూరింట ఐదారు వంతులే. 2024 మే నెలాఖరులో 6,000 కోట్లకు వేలం పెడితే, మదుపుదారులు అడిగిన వడ్డీ నచ్చక రిజర్వ్ బ్యాంకు మూడో వంతు కూడా అమ్మలేదు. ప్రభుత్వ బాండ్ల పరిస్థితే ఇలా ఉన్నప్పుడు నగరపాలక సంస్థ చౌక వడ్డీ ఆశించలేదు. ఇక్కడ కలిసివచ్చేది వేరు. తెచ్చిన అప్పు ఫలానా పనికే ఖర్చుపెట్టామని ఏటా లెక్క చూపించే కట్టుబాటు హరిత బాండ్లకు ఉంటుంది. మామూలు అప్పు జీతాల్లోనో, పాత బకాయిల్లోనో కలిసిపోతే అడిగే నాథుడుండడు.

అయితే ఆ కట్టుబాటు విద్యుత్ శాఖ వైపు నుంచి కూడా ఉండాలి. ముడసర్లోవ జలాశయం మీద తేలే సౌర పలకలు మాకు గర్వకారణమే గానీ, అవి 2 మెగావాట్లవి మాత్రమే. పెద్ద కేంద్రం కట్టాలంటే ఎండ, ఖాళీ నేల పుష్కలంగా ఉన్న కర్నూలు, అనంతపురం వైపు వెళ్లాలి. అక్కడ పగటిపూట పుట్టిన కరెంటును ఇక్కడ రాత్రి తిరిగే మోటార్ల ఖాతాలో జమ చేయాలి. వీలింగ్ చార్జీలు (కరెంటును తీగల మీద చేరవేసినందుకు కట్టే రుసుము) ఎంత, బ్యాంకింగ్ సదుపాయం (పుట్టిన కరెంటును గ్రిడ్‌లో జమ వేసి తర్వాత వాడుకునే వీలు) ఎన్నేళ్లు ఉంటుంది అన్నవి మధ్యలో మారితే అప్పు తీర్చే లెక్క మొత్తం తలకిందులవుతుంది. 2019లో పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను రాష్ట్ర ప్రభుత్వం తిరగదోడబోతే, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో రాసుకున్న ధరలే చెల్లించాలని తీర్పు చెప్పేదాకా మదుపుదారులు పడిన ఆందోళన మీకు తెలియనిది కాదు. బాండ్ల గడువు ఎన్నేళ్లయితే అన్నేళ్ల పాటు ఈ షరతులు మారవని విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం)తో, విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదంతో ముందే రాయించుకోవాలి. అది కుదిరేదాకా ఒక్క బాండు కూడా అమ్మవద్దని నా మనవి.

ఆదా అయిన కరెంటు డబ్బు సాధారణ ఖజానాలో కలవకుండా ఎస్క్రో ఖాతాకు (అప్పు తీర్చడానికే విడిగా ఉంచే ఖాతా) చేరి, ముందుగా వడ్డీకి, అసలుకు పోవాలి. ఎన్ని యూనిట్లు పుట్టాయో, బిల్లు ఎంత తగ్గిందో ఏటా తెలుగులో ప్రచురించి వార్డు సచివాలయాల్లో అతికించాలి.

ముందుగా ఒక్క పని చేయించండి. గడచిన ఐదేళ్లలో ఏ పంపింగ్ కేంద్రానికి ఎంత కరెంటు బిల్లు వచ్చిందో, అందులో ఎంత చెల్లించారో, ఎంత బకాయి ఉందో జీవీఎంసీ చేత బయటపెట్టించండి. ఆ కాగితం చేతికొస్తే ఎన్ని మెగావాట్లు కావాలో, ఎంత అప్పు తీర్చగలమో మాలాంటివాళ్లం కూడా లెక్క వేసి మీ ముందు పెట్టగలం.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
విశాఖపట్నం