పీకడం ఉచితం, తొడుగు మీ ఖర్చు

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు ఆదివారాల కిందట మీ ఆరోగ్యం పేజీలో పళ్ల డాక్టరు గారి వ్యాసం వచ్చింది. పన్ను పుచ్చినా విరిగినా పీకించుకోవద్దు, క్యాప్ (పంటి తొడుగు) వేయించుకుని కాపాడుకోండి అని. పక్కనే ముప్పై రెండు పళ్లూ కనబడేలా నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. ఆ రోజే రాద్దామనుకున్నాను, కొట్లో పండగ బేరాల హడావుడిలో కుదరలేదు. ఒకందుకు మంచిదే, అప్పుడు రాసుంటే మీరు అచ్చు వేసేలా ఉండేది కాదు.

డాక్టరు గారు రాసినదాంట్లో తప్పేమీ లేదు. ఆ క్యాప్ ఎక్కడ వేస్తారో, ఎవరి డబ్బుతో వేయించుకోవాలో రాయలేదు, అంతే.

సంక్రాంతికి ముందు అన్నంలో రాయి తగిలి నా కింది దవడ పన్ను ఓ మూల విరిగింది. (రేషన్ బియ్యమా, కొన్న బియ్యమా అని అడక్కండి. ఇప్పుడు రాళ్ల విషయంలో రెండూ సమానమే.) నొప్పి లేదు గానీ విరిగిన అంచు నాలుకకి గీసుకుంటూ ఉండేది. సర్కారు ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీ పట్టుకుని గంటన్నర కూర్చున్నాక డాక్టరమ్మ చూసింది. మంచి మనిషి, విసుక్కోలేదు. "పన్ను గట్టిగానే ఉందండీ, క్యాప్ వేస్తే నిలబడుతుంది. మా దగ్గర క్యాపులు వేసే ఏర్పాటు లేదు. బయట వేయించుకోండి, వద్దంటే తీసేస్తాను" అంది.

నాకంటే ముందు కుర్చీ ఎక్కిన ఆమె పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే మనిషి. ఆమెకీ ఇదే మాట చెప్పారు. ఎంతవుతుందని అడిగింది, విన్నది, తీసేయమంది. దూది కరిచిపట్టుకుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా ముందు నుంచే వెళ్లింది. ఆమెకి మీ వ్యాసం చదివి వినిపించాలా?

క్యాప్ అంటే మందుల గదిలోంచి తీసిచ్చే బిళ్ల కాదని నాకూ తెలుసు. పన్ను చుట్టూ అరగదీయాలి, అచ్చు తీయాలి, అది ల్యాబుకి వెళ్లి తొడుగై రావాలి, అప్పుడు సిమెంటుతో అతికించాలి. కనీసం రెండుసార్లు తిరగాలి. ల్యాబు, టెక్నీషియను ఉండాలి. అవి పెట్టడం అంత బ్రహ్మవిద్యా? కేంద్రం 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం అని ఒకటి మొదలుపెట్టింది. ఆ డబ్బుతోనో, ఇంకే డబ్బుతోనో గానీ మా దగ్గరికి కుర్చీ వచ్చింది, దాని మీద దీపం వచ్చింది. పన్ను నిలబెట్టే సరంజామా మాత్రం దారిలో ఎక్కడో ఆగిపోయింది. ప్రభుత్వ దంత వైద్య కళాశాలకి వెళ్లమంటారా? ఒకటి విజయవాడలో, ఒకటి కడపలో. మాకు ఎటు వెళ్లినా రోజు కూలీ పోతుంది, పైన బస్సు చార్జీలు.

సరే, ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. నరం తీయడానికి నాలుగు వేలు, క్యాప్ మెటల్‌దైతే రెండు వేలు, సిరామిక్ నాలుగున్నర, జిర్కోనియా తొమ్మిది. మెటల్‌దే వేయించుకున్నాను. ఈ ధరలన్నీ నోటిమాటే. హోటల్లో ఇడ్లీ ధర గోడ మీద రాసి ఉంటుంది, పళ్ల క్లినిక్‌లో గోడ మీద సినిమా వాళ్ల నవ్వులే ఉన్నాయి. చెవి దిద్దులు కొంటే హాల్‌మార్క్ నంబరు ఇస్తున్నారు. నా నోట్లో పెట్టింది ఏ లోహమో బిల్లులో లేదు. ‘డెంటల్ ట్రీట్‌మెంట్’ అని రెండు ముక్కలు, కింద గీత, మొత్తం. నా ఆరోగ్య బీమా ఏజెంటుని అడిగితే, ప్రమాదం జరిగి ఆసుపత్రిలో చేరితేనే పంటికి ఇస్తారన్నాడు. రాయి కొరకడం ప్రమాదం కాదట.

తర్వాత బీడీఎస్ చదువుతున్న మా మేనల్లుడు చూసి, "మామయ్యా, నొప్పి లేకుండా ఓ మూల విరిగితే ఒక్కోసారి ఆన్‌లే సరిపోతుంది, నీకు చెప్పలేదా?" అన్నాడు. పంటి మధ్య గుంట మేరకే చేసి కూర్చోబెట్టేది ఇన్‌లే అట, విరిగిన మూలని కూడా కప్పేది ఆన్‌లే అట. క్యాప్‌కైతే పన్ను చుట్టూ చెక్కాలి, వీటికి అంత అక్కర్లేదు. నా పంటికి అది కుదిరేదో లేదో నేను చెప్పలేను. కానీ పైనున్న ఎనామెల్ ఒకసారి అరగదీస్తే మళ్లీ పుట్టదు కదా, అరగదీసే ముందు ఇలాంటిదొకటి ఉందని ఒక్క మాట అనొద్దా? నాలుగు నెలలు తిరక్కుండానే క్యాప్ ఊడింది. కాగితంలో చుట్టి తీసుకెళితే మళ్లీ అతికించడానికి ఐదొందలన్నారు.

పంటికి ప్రభుత్వం డబ్బివ్వదనీ కాదు. 2018లో అప్పటి మన రాష్ట్ర ఆర్థిక మంత్రి సింగపూర్‌లో రూట్ కెనాల్ (అదే, నరం తీసే వైద్యం) చేయించుకుంటే ఖజానా నుంచి 2 లక్షల 88 వేల చిల్లర ఇచ్చారు, జీవో కూడా వచ్చింది. నా లెక్కన ఆ డబ్బుకి వంద మందికి పైగా మెటల్ క్యాపులు వచ్చేవి. ప్రభుత్వాలు మారాయి, ఆ కుర్చీ దగ్గర మాత్రం "తీసేయమంటారా" అనే మాట మారలేదు.

పైగా ఇది ఏ ప్రాంతం! దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఆ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, పళ్లనీ ఎముకలనీ తినేస్తోందని డాక్టర్లు రాసిపెట్టారు. పళ్లు తయారయ్యే వయసులో ఆ బోరు నీళ్లు తాగిన పిల్లలకి ఎనామెల్ మచ్చలు పడుతుంది, ముదిరితే గుంటలు పడి అంచులు రాలిపోతాయి. మా పక్కింటమ్మాయి పెళ్లిచూపుల్లో పెదవి విప్పకుండా నవ్వింది. నీళ్లు సర్కారే ఇచ్చింది, పళ్లు పోయాయి, ఇప్పుడు తొడుగులు మమ్మల్నే కొనుక్కోమంటోంది. మంచినీళ్ల ట్యాంకులకి శంకుస్థాపనలు మాత్రం ఎన్నికల ముందు తప్పకుండా జరుగుతాయి, ఒకే చోట రెండుసార్లు కూడా.

వచ్చే ఆదివారం ఆ పేజీలో జాగా ఉంటే, మా జిల్లాలో క్యాప్ వేసే సర్కారు ఆసుపత్రుల పేర్లు వేయండి. ఎక్కువ జాగా పట్టదు లెండి.

ఇట్లు,
ఒక చిల్లర కొట్టు వ్యాపారి,
ప్రకాశం జిల్లా