ఎవాల్యుయేషన్ పనికి వెళ్లబోయే అమ్మాయికి

చి. లహరికి ఆశీస్సులు.

ఎం.ఏ. అయ్యాక రీసెర్చ్, ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ (పథకం నిజంగా పనిచేసిందో లేదో సర్వేలతో కొలిచే పని) వైపు వెళ్తానన్నావు. డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లలో స్టాటా నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా అని అడిగావు. ఆర్ ఉచితం, దానితో మొదలుపెట్టు. ఒకటి చేతికొస్తే రెండోది తొందరగానే వస్తుంది. నీ బెంగంతా సాఫ్ట్‌వేర్ మీదే ఉన్నట్టుంది తల్లీ. లెక్క కంప్యూటర్‌లోకి చేరకముందే, ఊళ్లో అరుగు మీద కూర్చుని ప్రశ్న అడిగేచోటే ఎక్కువగా చెడిపోతుంది. నీ సన్నాహం అక్కణ్నుంచే మొదలవ్వాలి.

భూమి ఎంతుంది అనే ఒక్క ప్రశ్న చూడు. ఫారంలో 2.20 అని ఉంటుంది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు కాబట్టి అక్కడ అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. అక్కడ అదే అంకె రెండెకరాల ఇరవై సెంట్లు, అంటే 2.2 ఎకరాలే. రెండు రాష్ట్రాల డేటా కలిపేశాక ఈ తప్పును ఎవరూ పట్టుకోలేరు, ఎందుకంటే రెండూ నమ్మేలా ఉండే అంకెలే. అందుకని ఎకరాలకు ఒక గడి, గుంటలకో సెంట్లకో వేరే గడి, ఏ కొలతో చెప్పడానికి మూడో గడి పెట్టాలి. గుంటలు 39 దాటితే ట్యాబ్ ముందుకు కదలనివ్వకూడదు. ఓడీకే, సర్వేసీటీఓ లాంటి సర్వే ఫారాల యాప్‌లలో ఈ షరతు ఒక్క లైనుతో అయిపోతుంది. ధాన్యం దిగుబడిదీ ఇదే తంతు. బస్తాకు ఎన్ని కిలోలో అడగకుండా బస్తాలు మాత్రం రాసుకొస్తే ఆ లెక్క ఎందుకూ కొరగాదు.

ప్రశ్నావళి తయారయ్యాక, శాంపిల్‌లో (సర్వేకు ఎంచుకున్నవాటిలో) లేని ఊళ్లో పాతిక ముప్పై ఇళ్లలో అడిగి చూడాలి. జనం ఎక్కడ ఆగి ఆలోచిస్తున్నారో, ఎక్కడ పక్కింటివాళ్లను అడుగుతున్నారో గమనించు. "గత ఏడాది ఎన్ని రోజులు కూలికి వెళ్లారు" అంటే అందరూ యాభై, వంద అని ఉజ్జాయింపు లెక్కలు చెప్తారు. గత వారం సంగతి ఒక్కొక్క రోజుగా అడిగితే జవాబు నిలుస్తుంది.

సర్వే నడిచేటప్పుడు ఏ రోజు డేటా ఆ రోజు రాత్రే చూడాలి. నలభై నిమిషాలు పట్టే ఫారం పన్నెండు నిమిషాల్లో ముగిసిందంటే అనుమానించు. ఇంకో జబ్బు ఉంది. "ఇంట్లో ఎవరికైనా అప్పు ఉందా" అన్నదానికి అవునంటే పదిహేను ప్రశ్నలు తెరుచుకుంటాయి, లేదంటే ఏమీ ఉండవు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే ఎన్యూమరేటర్లకు ఈ కిటుకు త్వరగానే తెలిసిపోతుంది, ఊళ్లో ఒక్కరికీ అప్పు లేదని డేటా వస్తుంది. ఎన్యూమరేటర్‌వారీగా "లేదు"ల శాతం తీసి పక్కపక్కన పెడితే బయటపడుతుంది. పదింట ఒక ఇంటికి కొద్దిరోజుల్లోపే వేరే మనిషిని పంపి, మారని ప్రశ్నలు మళ్లీ అడిగించాలి: ఇంట్లో గదులెన్ని, పెద్ద బిడ్డ వయసెంత. ఇదే బ్యాక్ చెక్. ఖర్చు తగ్గించాలంటే అందరూ ముందు దీన్నే కోసేస్తారు, నువ్వు ఒప్పుకోకు.

శాంపిల్ లెక్క కాగితం మీద చేయడం నేర్చుకో. ఒక శాతాన్ని 5 పాయింట్ల తేడాలోపు, 95 శాతం నమ్మకంతో అంచనా వేయాలంటే 384 ఇళ్లు చాలని పుస్తకంలో ఉంటుంది. అది ఇళ్లను రాష్ట్రమంతటా విడివిడిగా ఏరుకుంటేనే. ఒక్కో ఊళ్లో 20 ఇళ్లు తీసుకుంటే ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి ఒక్కో ఇల్లు కొత్తగా చెప్పేది తక్కువ. ఆ పోలిక (అసలు లేకపోతే 0, అచ్చం ఒకేలా ఉంటే 1) 0.1 అనుకుంటే, ఒక ఇంటికి తోడు మిగతా 19 ఇళ్లు లెక్కలోకి వచ్చి 1 + 19 × 0.1, అంటే 2.9 రెట్లు కావాలి: సుమారు 1,114 ఇళ్లు, 56 ఊళ్లు. ఊరికి 10 ఇళ్లే తీసుకుంటే 1.9 రెట్లు చాలు. 730 ఇళ్లు, కాని 73 ఊళ్లు తిరగాలి. జీపు ఖర్చు ఎక్కువా, ఇంటర్వ్యూ ఖర్చు ఎక్కువా అన్నది చూసుకుని తేల్చుకోవాలి. రెండు గుంపుల్ని పోల్చడానికి లెక్క వేరు, ఇది వచ్చాక అది నేర్చుకో.

పథకం ఉన్నచోటును లేనిచోటుతో ఎలా పోల్చాలో చూడ్డానికి మన దగ్గర జరిగినదాన్నే చదువు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీని, పింఛన్లను వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఇచ్చిన పథకం మీద కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. 8 జిల్లాల్లో 157 మండలాలు. లాటరీలో వచ్చిన 112 మండలాలకు ముందు ఇచ్చారు, 45 మండలాలకు తర్వాత. రెండేళ్లయినా ముందు ఇచ్చిన చోట దాదాపు సగం చెల్లింపులే కార్డు మీదికి మారాయి. అయినా వాళ్లు కార్డు అందినవాళ్లను మాత్రం ఏరి పోల్చలేదు, 112 మండలాలను మొత్తంగా 45తో పోల్చారు. కార్డు త్వరగా అందిన ఊరు ముందునుంచే బాగా నడిచే ఊరై ఉండొచ్చు. అలాంటివి ఏరుకుంటే మెచ్చుకోవలసింది పథకాన్నో ఊరినో తెలియదు. అన్ని మండలాలనూ కలిపి పోల్చినా డబ్బు త్వరగా అందిందనీ, మధ్యలో కారిపోయేది తగ్గిందనీ తేలింది.

సమ్మతి సంగతి తేలిగ్గా తీసుకోకు. ట్యాబ్ పట్టుకుని వచ్చినవాళ్లంతా ప్రభుత్వం మనుషులేనని ముసలివాళ్లు అనుకుంటారు. జవాబును బట్టి పింఛను రాదు, పోదు అని ముందే స్పష్టంగా చెప్పాలి. పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైల్లో, జవాబులు వేరే ఫైల్లో ఉండాలి.

ఇప్పుడు చేయాల్సిన పని చెప్తాను. దేశంలో ఉపాధి, నిరుద్యోగం లెక్కగట్టే ప్రభుత్వ సర్వే పీఎల్ఎఫ్ఎస్. దాని యూనిట్ స్థాయి డేటా, అంటే ఒక్కొక్క ఇంటి, మనిషి జవాబులు, కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని దించుకుని, వెయిట్లు (శాంపిల్‌లో ఒక్కో మనిషి ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) వేసి, రిపోర్టులో అచ్చయిన తెలంగాణ టేబుల్ ఒకటి నీ కోడ్‌తో తెప్పించు. మొదట కలవదు. వయసు హద్దో, వెయిటో, పని నిర్వచనమో ఎక్కడో తేడా ఉంటుంది. అది కలిసేదాకా వదలకు. వేరేవాళ్ల కంప్యూటర్‌లోనూ నడిచేలా సర్దిన ఆ కోడే నీ దరఖాస్తుకు జతచేసే నమూనా. ఎంఐటీవాళ్ల మైక్రోమాస్టర్స్ ఆన్‌లైన్ పాఠాలు పక్కన సాగనీ.

ఉద్యోగం ఇస్తామంటే, జీతం మాట్లాడేముందు మొదటి ఆరు నెలల్లో ఎన్నాళ్లు ఊళ్లలో ఉంచుతారో, ఉండే చోటు, రాత్రి ప్రయాణాల ఏర్పాటు ఎవరిదో రాతలో అడుగు.

ప్రేమతో,
అమ్మ