తేదీ ఏది, నెల ఏది?

సంపాదకులకు,

తెలంగాణ ఆవిర్భావ తేదీని మనం 02-06-2014 అని రాసుకుంటాం. నెలను ముందు చదివే అమెరికా సెట్టింగ్‌లో ఉన్న కంప్యూటర్ దాన్ని ఫిబ్రవరి 6గా చదివేసి, తప్పని కూడా చెప్పదు. తేదీ 12 దాటితే అలా జరగదు, 13వ నెల లేదు కాబట్టి అక్కడ ఆగిపోతుంది. గొడవంతా 12 లోపు తేదీలతోనే. అలాంటివి ఏడాదికి 144. వాటిలో 1-1, 2-2 లాంటి 12 తీసేస్తే 132 తేదీలు చడీచప్పుడు లేకుండా తారుమారవుతాయి. టెస్టింగ్‌లో అలవాటుగా కొట్టే 01-01-2000తో ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. 02-06, 15-08 రెండూ వేసి చూడాలి.

ఆఫీసుల్లో ఎక్కువ నష్టం ఎక్సెల్‌తో జరుగుతుంది. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల పట్టికను) డబుల్ క్లిక్ చేసి తెరిస్తే విండోస్ రీజియన్‌ను బట్టి తేదీలను అదే మార్చేస్తుంది. అమెరికా రీజియన్ ఉంటే ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు గడికి ఎడమవైపు, కొన్ని కుడివైపు కనిపిస్తాయి. ఎడమవైపువి తేదీలుగా మారక ఉత్త అక్షరాలుగా మిగిలినవి. చాలామంది వాటినే దిద్దుకుంటూ కూర్చుంటారు. నిజానికి చెడిపోయినవి కుడివైపువి! ఫైలు తెరవకముందే రీజియన్‌ను ఇంగ్లిష్ ఇండియాకు మార్చాలి. తారుమారైన తేదీలతోనే సేవ్ చేశాక అసలు ఫైలు దగ్గర లేకపోతే, ఏది మారిందో ఏది మారలేదో తేల్చడం కష్టం.

మన నగరంలో యాప్‌లు రాసేవారు డేటాబేస్‌లో తేదీని టెక్స్ట్‌గా కాకుండా డేట్ రకంగానే దాచాలి. ఫైళ్లలో పంపేటప్పుడు 2014-06-02 అని రాయాలి. తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పేది ఇదే. మన పత్రికలు ‘2014 జూన్ 2’ అని రాసే వరుసా ఇదే, కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. తెరపై చూపేటప్పుడు స్లాష్‌లతో సొంతంగా అతికించనక్కర్లేదు. యూనికోడ్ వారు భాషలవారీగా ఇలాంటి పద్ధతులు పోగుచేసిన సీఎల్‌డీఆర్‌లో తెలుగు తేదీ పద్ధతి, నెలల పేర్లు ఇప్పటికే ఉన్నాయి, బ్రౌజర్లు వాటిని వాడుకుంటాయి.

బ్రౌజర్లలో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో ఇంకో మెలిక ఉంది. మన కాలమానం గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. కాబట్టి ఇక్కడ జూన్ 2 మొదలయ్యే అర్ధరాత్రికి అక్కడ జూన్ 1 సాయంత్రం 6:30. తేదీని గ్రీనిచ్ సమయంలో రాసిచ్చే టుఐఎస్ఓస్ట్రింగ్‌ (toISOString)తో మార్చి మొదటి పది అక్షరాలు కోస్తే పుట్టినరోజు ఒకరోజు వెనక్కి పోతుంది. పుట్టిన తేదీకి గంటలు, నిమిషాలు తగిలించకపోతే ఈ బాధే ఉండదు.

సంవత్సరానికి రెండంకెలు అసలే ఒప్పుకోవద్దు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 65ను 2065గా తీసుకుంటుంది. పింఛనుకు దరఖాస్తు పెట్టే పెద్దాయన ఇంకా పుట్టనే లేదన్నమాట. ఫారాల్లో నెలను అంకెగా కాక ‘జూన్’ అని పేరుతో ఎంచుకోనివ్వాలి. పుట్టిన సంవత్సరాన్ని నాలుగంకెల్లో టైప్ చేయనివ్వాలి. అరవై ఏళ్లు వెనక్కి క్యాలెండర్ తిప్పించడం మాత్రం మానాలి.

- ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్, మియాపూర్, హైదరాబాద్