మాయమ్మ మందుల సంచి తిరగేసిన ఇద్దరికి కృతజ్ఞతలు

పత్తికొండ దగ్గర మా ఊరి విలేజ్ క్లినిక్‌లో పనిచేసే సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) మేడంకు, ఆ పొద్దు ఈ-సంజీవని అనే సర్కారు ఆన్‌లైన్ వైద్య సేవ వీడియో కాల్‌లో మాయమ్మను చూసిన డాక్టరమ్మకు చేతులెత్తి మొక్కుతున్నా.

మాయమ్మకు బీపీ ఉంది. ఈ మధ్య కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. నేనేమో బెంగళూరులో. ఫోన్లో వింటూ టెన్షన్ పడటం తప్ప నా వల్ల అయ్యేదేముంది? కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలంటే తోడు కావాలి, టమోటా కోతలప్పుడు ఎవరిని పిలుస్తాం? ఆశా అక్క చెప్తే ఊర్లో క్లినిక్‌కే పోయింది.

మేడం బీపీ చూసి, పాదం మీద వేలితో నొక్కి గుంట పడుతోందని డాక్టరమ్మకు చెప్పారు. తర్వాత అమ్మ సంచిలో ఉన్న మాత్రల షీట్లన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి కెమెరాకు చూపించారు. రెండు షీట్ల దగ్గర డాక్టరమ్మ ఆగారు. ఒకటి సర్కారు మాత్ర, ఇంకోటి బయట కొన్నది. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల మందు ఒకటే: ఆమ్లోడిపిన్. అమ్మ రెండూ వేసుకుంటోంది! ఆ మందు డోసు ఎక్కువైతే పాదాలు వాయడం మామూలేనట. ఒకటి ఆపించి, కిడ్నీ పరీక్ష రాసి, "బీపీ మాత్ర మొత్తానికే మానొద్దు పెద్దమ్మా" అని గట్టిగా చెప్పారు. "నాడి పట్టకుండానే ఎట్ల తెలిసె తల్లీ నీకు?" అని మాయమ్మ అడిగిందంట.

ఇప్పుడు వాపు తీసింది. కిడ్నీలు బాగున్నాయి.

ఆభా కార్డు (సర్కారు హెల్త్ ఐడీ) చేయిస్తుంటే ఓటీపీ నా ఫోనుకు వచ్చింది. నేను మీటింగ్‌లో ఉంటే మేడం విసుక్కోకుండా మళ్లీ ఫోన్ చేశారు. ఆ 14 అంకెల నంబరును అట్టముక్క మీద రాసి అమ్మ చేతికిచ్చారు, మందుల చీటీ నాకు వాట్సాప్‌లో పెట్టారు. ఈ-సంజీవని వీడియో వైద్యం 2019 నవంబరులో అన్ని రాష్ట్రాలకన్నా ముందు మన ఆంధ్రలోనే మొదలైందట. మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు చూడండి.

మీ పెద్దోళ్లను పంపితే వాడే మాత్రలన్నీ, ఖాళీ షీట్లతో సహా, సంచిలో వేసి పంపండి.

చీటీ మీద డాక్టరమ్మ పేరుంది. అడక్కుండా ఇక్కడ పెట్టడం బాగుండదని రాయలేదు. ఆమె తెలిసినవాళ్లు ఎవరైనా ఈ పోస్టు చూపిస్తే సంతోషం.