దానిమ్మ మొదట్లో రాలుతున్న పొడి

అనంతపురం

మామా,

నీ ఫోటోలు చూస్తి. మొదలు మీద గుండుసూది మందం బెజ్జాలు, కింద తెల్లటి పొడి. షాట్ హోల్ బోరరే, చెక్క తొలిచే చిన్న పెంకుపురుగు, అనుమానం లేదు. మందులంగడికి పోతే ఏదో డబ్బా చేతిలో పెట్టి కొట్టుకోమంటారు. దానికి ముందు ఇది చదువు.

రెండు మిల్లీమీటర్లుండే ఈ పురుగు చెక్క తినదు. ఆడది బూజును వెంట తెచ్చుకుని, సొరంగం తవ్వి, గోడలకు దాన్ని పెంచుతుంది. తల్లీ పిల్లలూ తినేది ఆ బూజునే. అందుకే పైన కొట్టిన మందు లోపలున్నవాటిని తాకదు. మగవాటికి ఎగరడం రాదు, లోపలే తోబుట్టువులతో జతకడతాయి. ఆడది కడుపుతోనే బయటికొస్తుంది కాబట్టి ఇంకో చెట్టు పట్టడానికి ఒక్కటి చాలు.

మరి నీ తోటే దానికి ఎట్ల దొరికె? వేర్లకు గాలాడని చెట్టు ఇథనాల్ వదులుతుంది, సారాయి వాసన. దానికే దిగుతుంది. కాబట్టి ముందు డ్రిప్పు చూడు. డ్రిప్పర్లు మొదలుకు ఆనుకుని ఉంటే చెట్టు నీడ అంచుకు జరుపు. నల్లరేగడిలో తడి మీద తడి ఇవ్వద్దు.

తర్వాత, బాగా వాడిన చెట్టొకటి మొదట్లో అడ్డంగా కోయి. చెక్కలో ముదురు గోధుమ చారలుంటే అది సెరటోసిస్టిస్ అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు, బోరర్ దానికి తోడుదొంగ. ఆ చెట్టును వేర్లతో పెరికి అక్కడే కాల్చు, తోటంతా ఈడ్చుకుపోవద్దు. కటింగ్ చేసిన కొమ్మలు పొయ్యిలోకని గట్టున కుప్పేస్తారు చూడు, పురుక్కి అంతకన్నా మంచి ఇల్లు లేదు.

బాగున్న చెట్లకు పూత వెయ్యి: 10 లీటర్ల నీళ్లలో 4 కిలోల ఎర్రమన్ను, 20 మి.లీ. క్లోరిపైరిఫాస్ (పురుగుమందు), 25 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగుళ్ల మందు). మన్ను జల్లెడ పట్టు, గులకలుంటే బ్రష్షు సందుల్లోకి పోదు. నేల నుంచి రెండడుగుల దాకా చుట్టూ పూయి, చేతులకు తొడుగులు మరవద్దు. వాన కడిగేస్తే మళ్లీ పూయాల్సిందే. ఇది పురుగు రాకముందు పని, దూరినాక కాదు. ఎగుమతి కాయ అయితే కొనేవాళ్లు ఏ మందులొద్దంటారో ముందే అడుగు.

ఎప్పుడు ఎగురుతుందో తెలియాలంటే, ప్లాస్టిక్ బాటిల్‌కు పక్కల కిటికీలు కోసి, లోపల స్పిరిట్ సీసా వేలాడదీసి, అడుగున సబ్బునీళ్లు పోసి మోకాలెత్తున కట్టు. పురుగును తగ్గించదు, వచ్చిందని చెబుతుంది, అంతే.

చెట్టు కోసినప్పుడు వెంటనే ఫోటో తీసి పంపు. కోత ఆరితే రంగు మారి ఏదీ తేలదు.

నీ మామ