'సెటిల్ చేస్తా' అంటే ఏమని రాయాలి?

సంపాదకులకు నమస్కారం.

రెండు దశాబ్దాలకు పైగా కోర్టు దస్త్రాల్లోని తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి అనువదించి ఉద్యోగ విరమణ చేసినవాణ్ని. నేరవార్తల్లో రోజూ కనిపించే 'దందా', 'మామూళ్లు', 'సెటిల్‌మెంట్', 'స్కెచ్' వంటి మాటల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పరాయి మాటలు తెలుగును పాడుచేస్తున్నాయన్నది నా ఫిర్యాదు కాదు. ఆ మాటకొస్తే 'ఫిర్యాదు' కూడా పారశీకం నుంచి వచ్చిందే. వేరే భాషలో ఒక అర్థమున్న మాట మన నోట ఇంకో అర్థం తెచ్చుకున్నప్పుడు, ఆ రెండో అర్థాన్ని శ్రద్ధగా రాసిపెట్టుకోవడం లేదన్నదే నా బాధ.

ఒకసారి అన్నదమ్ముల పొలం తగాదాలో తమ్ముడు ఇంకొకరికి ఫోనులో పంపిన సందేశం అనువాదానికి నా బల్ల మీదికి వచ్చింది. అందులో ఉన్నది ఒక్క ముక్క: "అన్న సంగతి నేను సెటిల్ చేస్తా." ఇంగ్లీషు మాటే కదా అని నేను 'సెటిల్'ను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోనే దించేశాను. చదివినవారికి తమ్ముడు రాజీకి సిద్ధపడ్డట్టే అనిపించింది. అన్న తరఫు వకీలు ఆ కాగితం పట్టుకుని వచ్చి, "మా ఊళ్లో సెటిల్‌మెంట్ అంటే నాలుగు కార్లలో మనుషులు దిగడమండీ" అని చెప్పేదాకా నా పొరపాటు నాకు తెలియలేదు. తమ్ముడి మనసులో ఏముందో తేల్చవలసింది న్యాయమూర్తి. ఆ మాటకు రెండు అర్థాలున్నాయని చెప్పవలసింది మాత్రం నేనే. అంచున వివరణ రాసి మళ్లీ సంతకం చేశాను.

ఆ రోజు నుంచి ఆ ఒక్క మాటనే గమనిస్తూ వచ్చాను. "వాడితో సెటిల్ చేసుకుంటా" అంటే రాజీ. "వాణ్ని సెటిల్ చేస్తా" అంటే బెదిరింపు. "వాడి లైఫ్ సెటిల్ చేస్తా" అంటే బతుకుదెరువు చూపిస్తానని. "మా అమ్మాయి సెటిలయింది" అంటే ఉద్యోగమో పెళ్లో కుదిరిందని. మాట ఇంగ్లీషుదే అయినా అర్థాన్ని నిర్ణయిస్తున్నది మన విభక్తులు, మన 'కొను' ధాతువు. అంటే ఇది పూర్తిగా తెలుగు మాటైపోయింది కాబట్టి, దీని అర్థం చెప్పవలసిన బాధ్యత కూడా తెలుగు నిఘంటువుదే అవుతుంది.

అరబ్బీలో ఆచారంగా జరిగేదని చెప్పే 'మామూలు' మనకు సాధారణమనే అర్థంలో మిగిలి, బహువచనంలో 'మామూళ్లు' అయ్యేసరికి లంచంగా మారుతుంది. హిందీలో ఏ జీవనోపాధినైనా 'ధంధా' అంటారు, మనం 'దందా' అంటే అందులో అక్రమం ఉన్నట్టే. ఇంగ్లీషులో చీలిక వర్గాన్ని చెప్పే 'ఫ్యాక్షన్' రాయలసీమకు వచ్చి తరాల పగకు పేరైంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కష్టపెట్టినది 'సతాయించడం'. తెలంగాణలో చంటిపిల్లవాడు అన్నానికి సతాయిస్తాడు, పాత బండి ఎక్కుడు దగ్గర సతాయిస్తుంది, కట్నం కోసం అత్తింటివారు కోడలిని సతాయిస్తారు. ఆ కోడలు ఇచ్చిన వాంగ్మూలంలో ఆ మాటను 'విసిగించడం'గా అనువదిస్తే ఆమె పడిన కష్టమంతా తేలిపోతుంది. అది 'వేధింపు' అని నేను రాయగలిగింది ఆ మాట వింటూ పెరిగినవాణ్ని కాబట్టే. వేరే ప్రాంతం నుంచి వచ్చిన అనువాదకుడికి ఆధారమేమిటి?

కోర్టుల్లోనూ, తర్వాత మద్రాసులో ప్రభుత్వ తెలుగు అనువాదకుడిగానూ పనిచేసిన సి.పి. బ్రౌన్ ఈ ఇబ్బంది ఎరిగినవాడు. అందుకే పెద్ద నిఘంటువుతో ఊరుకోక, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు (పరాయి భాషల మాటలకు), మిశ్రభాషకు 1854లో విడిగా ఒక నిఘంటువు అచ్చువేయించాడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సారథ్యంలో రైతుల దగ్గరికి వెళ్లి సేకరించిన వ్యవసాయ పదాలు 1962లో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటంగా వచ్చాయి. నాగలి భాగాలకు చూపిన ఆ శ్రద్ధ ఠాణాలో, కచేరీలో, రచ్చబండ దగ్గర తిరిగే మాటలకు కూడా దక్కాలి. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ పని చేపట్టాలని, ప్రతి మాటకూ అది ఏ ప్రాంతపుదో, ఎలాంటి సందర్భంలో అంటారో చూపే వాక్యం జత చేయాలని కోరుతున్నాను.

పత్రికగా మీరు చేయగలిగింది కూడా ఉంది. ఒక మనిషి మీద ఆరోపణ రాసేటప్పుడు 'సెటిల్‌మెంట్లు చేస్తాడు' అని వదిలేయకుండా, బెదిరించి భూమి రాయించుకున్నాడా, ఇరువర్గాలను కూర్చోబెట్టి మాట్లాడాడా అన్నది విప్పి రాయండి. వారానికి ఒక మాట చొప్పున ఆదివారం సంచికలో కాస్త చోటిచ్చి, ఏ జిల్లాలో దాన్ని ఎలా అంటారో పాఠకులనే రాయమనండి. నా ఉద్యోగకాలంలో ఇలాంటి మాటలను, మనుషుల పేర్లు తీసేసి, అవి వచ్చిన వాక్యాలతో సహా రెండు నోటు పుస్తకాల నిండా రాసుకున్నాను. మీరు అడిగితే నకలు తీయించి పంపుతాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత కోర్టు అనువాదకుడు,
వరంగల్.